రాత్రికి ఒక నీడ

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఇల్లు లేనివారు 17 లక్షలకు పైనే. వారిలో సగానికి పైగా ఉన్నది పట్టణాల్లోనే. కూలి వెతుక్కుంటూ ఊరు విడిచి వచ్చినవారు, అయినవాళ్లు వదిలేసిన ముసలివాళ్లు, మతిస్థిమితం లేనివాళ్లు ఫుట్‌పాత్‌ల మీద, బస్టాండ్లలో తలదాచుకుంటున్నారు.

నగరాల్లో లక్ష జనాభాకు కనీసం ఒక వసతి గృహం ఉండాలనీ, అది ఏడాది పొడవునా, రాత్రీ పగలూ తెరిచే ఉండాలనీ 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ ఇలాంటి వసతి గృహాలకు నిధులిచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మున్సిపాలిటీలు స్వచ్ఛంద సంస్థల సాయంతో వీటిని నడుపుతున్నాయి. హైదరాబాద్‌లో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవారికీ బస ఉంది.

అయితే ఇలాంటి వసతి ఉన్న సంగతి అవసరమైనవారికే చాలాసార్లు తెలియదు. కాబట్టి మీ పట్టణంలో వసతి గృహం ఎక్కడుందో మున్సిపల్ కార్యాలయంలో కనుక్కోండి. వీధిలో ఎవరైనా పడుకుని కనిపిస్తే ముందు పలకరించండి, ఏం కావాలో అడగండి. ఒంట్లో బాగాలేకపోతే 108కి, ఒంటరి పిల్లలైతే 1098కి, వృద్ధులైతే 14567కి ఫోన్ చేయండి. తలదాచుకునే చోటు దయాభిక్ష కాదు, తోటి మనిషి హక్కు.