పాత బండి జర్క్ కొడుతోందా? టీపీఎస్ మార్చే ముందు ఒకసారి కొలవండి

జీడిమెట్ల నుంచి మళ్లీ వచ్చేశాను. ఈ ఎపిసోడ్ సెకండ్ హ్యాండ్‌లో పాత పెట్రోల్ కారు కొన్నవాళ్ల కోసం. సాంట్రో, జెన్, ఎస్టీమ్, ఎంపీఎఫ్ఐ మారుతి 800... ఇలాంటివన్నమాట. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ ఊరికే అరుస్తుంది, లేదంటే ఆగిపోతుంది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కగానే ఒక జర్క్. షెడ్డుకి తీసుకెళ్తే "ఈసీయూ పోయినట్టుంది" అంటారు. కష్టపడి దాచుకున్న జీతంతో కొన్న బండి, ఆ మాట వింటే గుండె జారిపోతుంది కదా! ఆగండి. ముందు ఒక చిన్న సెన్సార్‌ని కొలుద్దాం. పేరు థ్రాటిల్ పొజిషన్ సెన్సార్, షార్ట్‌గా టీపీఎస్.

ఇదెలా పనిచేస్తుంది? పాత రేడియోలో వాల్యూమ్ నాబ్ గుర్తుందా? లోపల అదే ఐడియా. ఒక కార్బన్ ట్రాక్, దాని మీద జరిగే ఒక చిన్న కాంటాక్ట్. మామూలుగా మూడు వైర్లుంటాయి. ఒకదాంట్లో 5 వోల్టుల సప్లై, ఒకటి గ్రౌండ్, మూడోది సిగ్నల్. పెడల్ వదిలేస్తే సిగ్నల్ దాదాపు అర వోల్టు, ఫుల్‌గా తొక్కితే 4 వోల్టుల పైన. ఈసీయూకి మీ కాలు కనపడదు, ఈ నంబరే కనపడుతుంది. మన కోడింగ్‌లో లాగే, ఇన్‌పుట్ తప్పయితే ప్రోగ్రామ్ ఎంత మంచిదైనా అవుట్‌పుట్ తప్పే. పెడల్ వదిలినా వోల్టేజ్ ఎక్కువ చూపిస్తే "ఇంకా తొక్కుతున్నాడు" అనుకుంటుంది. ఐడిల్ సరిగ్గా దిగదు, మైలేజీ పడిపోతుంది.

ఇప్పుడు అసలు పాయింట్. జీడిమెట్ల నుంచి బాలానగర్, మూసాపేట మీదుగా హైటెక్ సిటీకి పొద్దున్నే వెళ్లేవాళ్లకి తెలుసు, ఆ ట్రాఫిక్‌లో పెడల్ ఎప్పుడైనా ఫుల్‌గా తొక్కుతామా? కొంచెం తొక్కడం, వదలడం, అంతే. అంటే ఆ కాంటాక్ట్ రోజంతా ట్రాక్ మీద ఒకే చోట రుద్దుకుంటుంది. ఏళ్లు గడిస్తే అక్కడే అరిగిపోతుంది. హైదరాబాద్‌లో కొత్త మారుతి 800 అమ్మకాలు 2010 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి. మరి మీ బండిలో ఒరిజినల్ సెన్సారే ఉంటే దాని వయసెంతో లెక్కేసుకోండి. అరిగిన ట్రాక్‌ని ఎంత అడ్జస్ట్ చేసినా లాభం లేదు. అందుకే ముందు కొలవాలి, తర్వాతే స్క్రూడ్రైవర్.

బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ కొందామనుకుంటున్నారా? మన దేశంలో ఓబీడీ రూల్ వచ్చిందే 2010 ఏప్రిల్ నుంచి. అంతకుముందు బండ్లలో చాలావాటికి అది కనెక్ట్ అవ్వదు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు మల్టీమీటర్ చాలు.

స్టార్ట్ చేద్దాం. ఇంజిన్ చల్లగా ఉండాలి, గేర్ న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. ముందు ఎయిర్ పైపు తీసి థ్రాటిల్ బాడీ చూడండి. లోపలి రేకు చుట్టూ నల్లటి మసి ఉంటే క్లీనర్ స్ప్రేతో, గుడ్డతో తుడవండి. మసి వల్ల రేకు పూర్తిగా మూసుకోకపోతే సెన్సార్ రీడింగ్ కూడా తేడా చూపిస్తుంది. చాలా బండ్ల జబ్బు ఇక్కడే పోతుంది! యాక్సిలరేటర్ కేబుల్ మరీ టైట్‌గా లేకుండా చూసుకోండి.

ఇప్పుడు ఇగ్నిషన్ ఆన్, ఇంజిన్ ఆఫ్. మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టండి. నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్‌కి. కనెక్టర్ వెనక నుంచి సన్నటి గుండుసూది దూర్చి ఎర్ర ప్రోబ్‌తో ఒక్కో వైరు చూడండి. వైరు కోయొద్దు, పొడవొద్దు. 5 వోల్టులే రాకపోతే తప్పు సెన్సార్‌ది కాదు, వైరింగ్ చూడాలి. వస్తే సిగ్నల్ వైరు మీద ఉంచి, థ్రాటిల్‌ని చేత్తో చాలా నెమ్మదిగా తిప్పండి. నంబర్ మెట్లెక్కినట్టు సాఫీగా పెరగాలి. మధ్యలో ఎక్కడైనా ఠక్కున పడిపోయి మళ్లీ లేచిందా? ట్రాక్ అరిగింది, సెన్సార్ మార్చాల్సిందే. డిజిటల్ మీటర్ స్పీడు తక్కువ కాబట్టి నాలుగైదుసార్లు తిప్పి చూడండి.

సాఫీగా పెరుగుతోంది, కానీ పెడల్ వదిలినప్పటి రీడింగ్ మాత్రం తేడాగా ఉందా? అప్పుడే అడ్జస్ట్‌మెంట్. సెన్సార్ స్క్రూలున్న రంధ్రాలు చూడండి. పొడుగ్గా ఉంటే తిప్పుకోవచ్చు. గుండ్రంగా ఉంటే అది అడ్జస్ట్ అయ్యే రకం కాదు, బలవంతం చేయొద్దు. ముందు పాత పొజిషన్ మీద మార్కర్‌తో గీత పెట్టండి. రెండు స్క్రూలు కొంచెమే లూజు చేసి, మీటర్ చూస్తూ వెంట్రుకవాసి తిప్పండి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న వోల్టేజే మీ టార్గెట్, నేను చెప్పిన అర వోల్టు అంచనా మాత్రమే. కొన్నిటిలో ఐడిల్ స్విచ్ కూడా ఉంటుంది, వాటికి ఫిల్లర్ గేజ్ పెట్టి సెట్ చేయాలి. స్క్రూలు బిగించాక మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు జరుగుతుంది. ప్లాస్టిక్ బాడీ కాబట్టి అతిగా బిగిస్తే పగులుతుంది.

ఒక్క స్క్రూ మాత్రం ముట్టుకోవద్దు: రేకు ఆగే దగ్గరుండే థ్రాటిల్ స్టాప్ స్క్రూ. ఐడిల్ పెంచడానికి దాన్ని తిప్పితే లెక్కంతా తారుమారవుతుంది, రేకు ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది.

స్టార్ట్ చేసేముందు థ్రాటిల్ చేత్తో తెరిచి వదలండి. టక్కుమని వెనక్కి రావాలి. రాకపోతే బండి కదపొద్దు. బాలానగర్ ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ ఇరుక్కుంటే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. తర్వాత ఖాళీ గల్లీలో మెల్లగా నడిపి చూసుకోండి. ఇంకోటి, కేబుల్ లేని కొత్త బండ్లలో థ్రాటిల్ ఎలక్ట్రిక్ మోటార్‌తో తిరుగుతుంది. అందులో వేలు పెట్టొద్దు, ఈ వీడియో వాటికి కాదు.

మీరే చేయాలని రూలేం లేదు. మెకానిక్ అన్న దగ్గరికే వెళ్లండి. కానీ వెళ్లేటప్పుడు మూడు నంబర్లు రాసుకెళ్లండి: సప్లై ఎంత, మూసినప్పుడు ఎంత, తెరిచినప్పుడు ఎంత. "ఈసీయూ పోయింది" అంటే ఆ కాగితం చూపించి, "అన్నా, ముందు ఇది చూడవా" అనండి. మంచి మెకానిక్ అన్న కోపం తెచ్చుకోడు, ఇంకా సంతోషిస్తాడు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఐడిల్ ఎయిర్ వాల్వ్ విప్పుదాం. ఉంటాను, బాయ్!