కాదని చెప్పేవాళ్లెవరు?

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ పెద్దాయన మందుల తయారీలోనే జీవితం గడిపారు. అందుకే ఆ రంగంలోని మనిషినే ఎంచుకున్నాను.

కంపెనీ కథ అనగానే అందరూ పెట్టుబడి దగ్గర మొదలుపెడతారు. డాక్టర్ కల్లం అంజిరెడ్డి 1984లో 25 లక్షలతో డాక్టర్ రెడ్డీస్ పెట్టారన్నది హైదరాబాదులో చాలామందికి కంఠతా వచ్చు. నాకు మాత్రం అంతకు ముందటి పదిహేనేళ్లే ముఖ్యమనిపిస్తాయి. తాడేపల్లి పసుపు రైతు కొడుకు. పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పీహెచ్‌డీ చేసి, ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో చేరారు. అది వదిలి యూనిలాయిడ్స్, ఆ తర్వాత స్టాండర్డ్ ఆర్గానిక్స్ అనే మందుల కంపెనీలు. బోర్డు మీద సొంత పేరు ఎక్కేసరికి వయసు నలభై దాటింది.

1970 పేటెంటు చట్టం పుణ్యమా అని, అదే మందును వేరే పద్ధతిలో తయారు చేసుకునే వీలు మనకు దొరికింది. అంటే వ్యాపారమంతా కెమిస్టు బుర్రలో ఉండేది. యజమానే మంచి కెమిస్టయితే లాభమే. చిక్కూ అక్కడే. రాత్రి షిఫ్టులో రియాక్టర్ వేడి అదుపు తప్పి రంగు మారిందనుకోండి. యజమాని వచ్చి సైట్ గ్లాస్‌లోంచి తొంగిచూసి, ‘ఇంకో గంట చూద్దాం’ అంటాడు. ఆ బ్యాచ్ పోయిందని షిఫ్ట్ కెమిస్టుకు తెలుసు. అయినా నోరు మెదపడు. సార్ చూస్తున్నారు కదా! తెల్లారేసరికి సాల్వెంటూ పోయింది, ఆవిరి ఖర్చూ పోయింది, పార్టీకి ఇచ్చిన మాటా పోయింది.

అంజిరెడ్డి ఆశ కాపీ మందులతో ఆగలేదు. కొత్త మందు కనిపెట్టాలని 1993లో పరిశోధన సంస్థ పెట్టారు. 1997లో మధుమేహానికి పనికొచ్చే అణువును డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చారు. ఒక భారతీయ కంపెనీ అలా ఇవ్వడం అదే మొదలు. నోవోకే ఇచ్చిన రాగాగ్లిటజార్ అనే రెండో అణువు మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లింది. 2002లో ఎలుకల్లో మూత్రాశయ కణుతులు కనబడగానే నోవో ఆ పరీక్షలు ఆపేసింది. ఆ దెబ్బ ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు. కానీ నన్ను పట్టి ఆపేది మరొకటి: ‘ఆపు’ అన్నది బయటివాళ్లు. వాళ్లకు ఆ అణువు మీద మమకారం లేదు, డేటా ఉంది. స్థాపకుడి కలను మొయ్యడానికే జీతం తీసుకునేవాళ్లు ఆ మాట అంత త్వరగా అనగలరా? అనుమానమే.

2006లో డాక్టర్ రెడ్డీస్ జర్మనీకి చెందిన మందుల కంపెనీ బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొంది. అప్పటికి ఛైర్మన్ అంజిరెడ్డి, సీఈఓ ఆయన అల్లుడు జి.వి. ప్రసాద్. జర్మన్ ఆరోగ్య బీమా సంస్థలు టెండర్లు పిలిచి కొనడం మొదలెట్టేసరికి ధరలు కూలాయి. కొన్న విలువను ఖాతాల్లో తగ్గించి రాసుకోక తప్పలేదు.

అలాంటప్పుడు అల్లుణ్ని ప్రశ్నించాల్సింది ఛైర్మనా, మామగారా? ఆ ఇంటి సంగతి కాదు నేనంటున్నది, మన సంగతి. మన కుటుంబ కంపెనీల్లో పెద్ద నిర్ణయాలు ఆదివారం భోజనాల దగ్గరే తేలిపోతాయి. సోమవారం బోర్డుకు మినిట్స్ రాసుకోవడమే మిగులుతుంది. బయటి డైరెక్టర్లకు కాఫీ ఇచ్చి, సంతకాలు పెట్టించుకుని, కారు దాకా సాగనంపుతాం.