తొండుపల్లి నుంచి దుబాయ్ ఎంత దూరం?

 

ఈ తొండుపల్లిలో మైకు పట్టుకుంటే మాట మధ్యలో విమానం చప్పుడు రాక తప్పదు. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైనప్పటి నుంచీ ఇంతే. అందుకే ఇవాళ దాని గురించే చెబుతాను. మన తండాల నుంచి గల్ఫ్‌కు పోయే పిల్లలు ఇక్కడికే వస్తారు. టికెట్ చేతికి రాగానే మొదటి ప్రశ్న, "మేడం, దుబాయ్‌కి ఎన్ని గంటలు?"

గాల్లో దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. ఢిల్లీ దూరానికి రెట్టింపు అనుకోండి. విమానం గంటకు 800, 900 కిలోమీటర్లు పోతుంది కదా, మూడు గంటలు చాలదా అనిపిస్తుంది. కానీ టికెట్ లెక్క విమానం ఇక్కడ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా మెల్లగా పోవడం, పైకెక్కడం, దిగడం అన్నీ అందులోవే. పైగా అంత ఎత్తులో గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి. అందుకే పోవడానికి దాదాపు నాలుగు గంటలు, రావడానికి మూడున్నర.

టికెట్ మీద మాత్రం ఇక్కడ ఉదయం 10:00, అక్కడ మధ్యాహ్నం 12:30 అన్నట్టు ఉంటుంది. రెండున్నర గంటలే అనుకోకండి. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. ఏ ఊరి దగ్గర ఆ ఊరి సమయమే వేస్తారు. తిరుగు ప్రయాణంలో అక్కడ 10:00కు ఎక్కితే ఇక్కడ 3:00కు దిగుతారు. అదీ ఐదు గంటలు కాదు, మూడున్నరే. హాస్టల్లో రేఖాంశాలు చెప్పాల్సి వస్తే నేను ఈ టికెట్టే బోర్డు మీద వేస్తాను, పిల్లలకు వెంటనే ఎక్కుతుంది.

ఇది తెలియకపోయినా విమానం దించాల్సిన చోటే దించుతుంది. కొంప ముంచేది తేదీ. గల్ఫ్ విమానాలు చాలా వరకు అర్ధరాత్రి దాటాకే ఉంటాయి. "15వ తేదీ, 02:30" అంటే 14 రాత్రి మనం నిద్రలో ఉండగా పోయే విమానం. మా హాస్టల్లో చదివిన ఒక అబ్బాయి 15 సాయంత్రం బ్యాగులతో వచ్చాడు. తండ్రి ఎడ్లు అమ్మి కొన్న టికెట్ అది. రెండో టికెట్‌కు వడ్డీకి తెచ్చారు.

లదేణీ కాలంలో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తిరిగిన మన తాతలకు మజిలీల లెక్క తెలుసు. మీరూ అలాగే వెనక నుంచి లెక్క వేయండి. విమానం 02:30. మూడు గంటల ముందు, అంటే 14 రాత్రి 11:30కు ఎయిర్‌పోర్టులో ఉండాలి. కౌంటర్ మామూలుగా గంట ముందే మూస్తారు, తర్వాత కాళ్లు పట్టుకున్నా తెరవరు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. ఆ బస్సు, సిటీ ట్రాఫిక్, మళ్లీ పుష్పక్ బస్సు కలిపి తొమ్మిది గంటలు పెట్టుకోండి. తండా నుంచి బస్టాండుకు ఆటో ఇంకో గంట. అంటే 14 మధ్యాహ్నం ఒంటిగంటన్నరకల్లా ఇల్లు వదలాలి. దుబాయ్‌కి నాలుగు గంటలు, తొండుపల్లికి పది!

ఇంకొక్క మాట. అక్కడ రాత్రి 9:00కు డ్యూటీ దిగి ఫోన్ చేస్తే ఇక్కడ 10:30, యాడి పడుకుని ఉంటుంది. పొద్దున 5:00కు చేయండి. ఇక్కడ 6:30, పొయ్యి దగ్గరే ఉంటుంది, ఎత్తుతుంది.