పిల్ల ఏ మెట్టు మీద ఉంది?

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



"నిన్నటిదాకా కొంగు పట్టుకుని తిరిగింది. ఇప్పుడు పిలిస్తే పలకదు. ఏదన్నా అంటే చిటపటలాడుతుంది. స్నేహితురాలు వస్తే మాత్రం ఎక్కడ లేని నవ్వులు!"

పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్ల ఉన్న ఏ తల్లిని కదిపినా ఇదే మాట. నాట్ల దగ్గర ఇదే మాట. నీళ్ళ పంపు దగ్గర ఇదే మాట.

ఇది తల్లి మాట. మరి పిల్ల మాట ఏమిటి? ఆ పిల్లకు ఇల్లు ఎలా కనపడుతోంది? అమ్మా నాన్నా ఎలా కనపడుతున్నారు? ఈ సంగతి అడిగేవాళ్ళు తక్కువ. అన్నం తిన్నావా అని అడుగుతారు. చదువుకున్నావా అని అడుగుతారు. నీ మనసు ఎలా ఉందే అని అడగరు.

10 నుంచి 19 ఏళ్ళ వయసును పుస్తకాల్లో కౌమారం అంటారు. ఊళ్ళో ఎదిగే వయసు అంటారు. ఊరి మాటే బాగుంది. ఈ వయసులో ఒళ్ళు ఎదుగుతుంది. అది అందరికీ కనపడుతుంది. మెదడు కూడా ఎదుగుతూ ఉంటుంది. అది కనపడదు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ ఎదుగుదల ఆగదు. అందుకే ఈ వయసులో కోపం ముందు వస్తుంది, ఆలోచన వెనక వస్తుంది. రాత్రి నిద్ర కూడా ఆలస్యంగా పడుతుంది. పొద్దున లేవలేకపోతే అదంతా బద్ధకమే అనుకోకూడదు.

స్నేహితుల సంగతి చూడండి. చిన్నప్పుడు పిల్లకు అమ్మే లోకం. ఎదిగే కొద్దీ తానెవరో, తనకు ఏమి చేతనవునో తెలుసుకోవాలని ఉంటుంది. తన ఈడు వాళ్ళతో మాట్లాడితేనే అది తెలుస్తుంది. నెలసరి గురించి, ఒంట్లో మార్పుల గురించి అమ్మను అడగడానికి సిగ్గు. స్నేహితురాలిని అడగడానికి సిగ్గు లేదు. "నాకన్నా దానికి అదే ఎక్కువైంది" అని తల్లి నొచ్చుకుంటుంది. ఇదేమీ తక్కెడ కాదు, ఒక పక్క లేస్తే ఇంకో పక్క దిగడానికి. పిల్లకు రెండూ కావాలి. స్నేహితురాలితో తగాదా పడి వచ్చిన రోజు పిల్ల ముఖం చూడండి. పెద్దవాళ్ళకు అది చిన్న సంగతి. పిల్లకు ఆ రోజు అన్నం దిగదు.

పిల్లలను అడిగిన వాళ్ళు కొందరు ఉన్నారు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'యంగ్ లైవ్స్' అనే పరిశీలన మొదలైంది. సుమారు 3000 మంది పిల్లలను ఎంచుకున్నారు. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, అటు మహబూబ్‌నగర్, కరీంనగర్ జిల్లాల్లోనూ ఆ పిల్లలు ఉన్నారు. కొందరు అప్పటికి ఏడాది పిల్లలు. కొందరు ఎనిమిదేళ్ళ వాళ్ళు. వాళ్ళు పెరిగి పెద్దయ్యేదాకా కొన్నేళ్ళకోసారి వెళ్ళి మాట్లాడారు. తల్లిదండ్రులను అడిగారు. పిల్లలనూ విడిగా అడిగారు.

వాళ్ళు అడిగిన ప్రశ్నల్లో ఒకటి నిచ్చెన ప్రశ్న. నిచ్చెనకు తొమ్మిది మెట్లు. తొమ్మిదో మెట్టు అంటే నీకు అన్నిటికన్నా మంచి బతుకు. అన్నిటికన్నా కింది మెట్టు అంటే చెడ్డ బతుకు. ఇప్పుడు నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావు? అంతే ప్రశ్న. వైకుంఠపాళిలో గవ్వలు పడితే పైకి పోతాం, పాము నోట పడితే కిందికి వస్తాం. ఇక్కడ గవ్వలు లేవు. పిల్ల తనే చెప్పాలి. పక్కవాళ్ళు చెప్పకూడదు.

పిల్లను కిందికి దించే పాములు ఇంట్లోనే కొన్ని ఉంటాయి.

తాగుడు ఒకటి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. అంగడి మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. తాగి వచ్చిన మొగుడు కొట్టే దెబ్బలు, కూలి డబ్బు పోవడం, ఇవన్నీ ఆడవాళ్ళు బయటకు చెప్పారు. ఆ గొడవ దుప్పటి కింద మేలుకుని విన్న పిల్ల మాత్రం ఎవరికీ చెప్పలేదు. పొద్దున లేచి బడికి పోయింది. పాఠం తలకెక్కలేదు. మొద్దు అన్నారు.

పోలిక ఇంకొకటి. "ఆ పిల్లను చూసి నేర్చుకో" అన్న మాట చీపురు దెబ్బ కన్నా గట్టిగా తగులుతుంది. పైగా ఆ పిల్ల తన స్నేహితురాలే అయితే ఆ స్నేహం కూడా చెడుతుంది.

మార్కుల భయం కూడా చిన్నది కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల్లో తప్పులు దొర్లాయని పెద్ద గొడవ కూడా అయింది. పరీక్ష మళ్ళీ రాయవచ్చు. ఫలితం వచ్చిన రోజు ఇంట్లో వినపడే మొదటి మాట అన్నం తిందువు రా అన్న మాట కావాలి.

పిల్ల తిండి తగ్గించినా, నిద్ర పోకపోయినా, స్నేహితులను వదిలేసి ఒంటరిగా కూచున్నా, చచ్చిపోతానని అన్నా ఊరికే అంటోందని వదలకండి. ఆశా కార్యకర్తకు చెప్పండి. ఆస్పత్రికి తీసుకుపోండి. 14416కు ఫోన్ చేయండి. డబ్బు పడదు. రాత్రి పూట కూడా పలుకుతారు. తెలుగులో మాట్లాడవచ్చు. ఈ సాయం 2022లో మొదలైంది. పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098 నంబరు ఉంది. ఈ రెండు నంబర్లు గోడ మీద సుద్దతో రాసి పెట్టుకోండి. రాయడం వచ్చుగా!

ఇక ఒక ఇంటి సంగతి అనుకుందాం. తల్లి రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. కూతురు తొమ్మిదో తరగతి. రెండు నెలలుగా పిల్ల సరిగా మాట్లాడడం లేదు. తలనొప్పి, కడుపునొప్పి అని బడి మానేస్తోంది. ఎవరినో మనసులో పెట్టుకుందని తల్లికి అనుమానం. మంచి సంబంధం ఒకటి ఉందని మేనత్త కబురు పెట్టింది. రోజులు మంచివి కావు, చేసేద్దామని తండ్రి అన్నాడు.

ఆ రాత్రి తల్లి తన పలక తీసింది. నిచ్చెన గీసింది. 1 నుంచి 9 దాకా అంకెలు వేసింది. ఏడు తిరగబడింది. కూతురు నవ్వి దిద్దింది.

"నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావే?"

పిల్ల చాలాసేపు చూసింది. మూడు మీద వేలు పెట్టింది.

తల్లి గుండె జారింది. తిట్టబోయి ఆగింది. "ఎందుకమ్మా?" అంది.

"నాకు తోడు లేదమ్మా."

బడి మూడు కిలోమీటర్లు. రోజూ తోడు వచ్చే స్నేహితురాలికి ఎండాకాలంలో పెళ్ళి చేసేశారు. దానికి పదిహేనేళ్ళు. ఇప్పుడు ఈ పిల్ల ఒక్కతే నడుస్తోంది. చెరువు కట్ట మీద ఇద్దరు కుర్రాళ్ళు బండి అడ్డం పెడుతున్నారు. ఏవేవో అంటున్నారు.

"మరి చెప్పలేదేమే?"

"చెప్తే బడి మానిపిస్తావు. దానికి చేసినట్టే నాకూ పెళ్ళి చేస్తావు."

తల్లికి నోట మాట రాలేదు. పిల్ల చెప్పింది అబద్ధం కాదు. చాలా ఇళ్ళలో జరిగేది అదే. ఆడపిల్లకు 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేయడం నేరమని 2006 చట్టం చెబుతోంది. అయినా 2019-21 జాతీయ సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగితే, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మందికి 18 లోపే పెళ్ళయిందని తేలింది. తెలంగాణలో నూటికి 23 మందికి పైనే. తప్పు ఎవరో చేస్తారు. బడి పిల్ల మానాలి.

మర్నాడు తల్లి సంఘంలో చెప్పింది. చెప్పడానికి సిగ్గుపడింది. చెప్పాక ఇంకో ఇద్దరు తల్లులు తమ పిల్లలూ అదే మాట అన్నారని నోరు విప్పారు. నలుగురు ఆడవాళ్ళు బడికి పోయి హెడ్మాస్టరుతో మాట్లాడారు. ఆయన ఆ కుర్రాళ్ళ తండ్రులను పిలిపించాడు. ఒక తండ్రి ఎగిరిపడ్డాడు. ఇంకొకాయన తల వంచుకున్నాడు. అయిదుగురు ఆడపిల్లలు కలిసి పోయే ఏర్పాటు చేశారు. కొన్నాళ్ళు ఒక తల్లి వెంట నడిచింది. సంబంధం సంగతి ఎత్తవద్దని ఆ తల్లి మొగుడికి చెప్పింది. ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

పెళ్ళయిపోయిన ఆ స్నేహితురాలు మాత్రం తిరిగి బడికి రాలేదు. పండగకు పుట్టింటికి వచ్చినప్పుడు ఇద్దరూ అరుగు మీద కూచుని చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. ఈసారి తల్లి వాళ్ళను లేపలేదు.

నెల తర్వాత మళ్ళీ పలక తీస్తే కూతురు అయిదు మీద వేలు పెట్టింది. ఆరు ఎందుకు కాదని తల్లి అడగలేదు. పక్కనే కొడుకు కూచుని ఉన్నాడు. వాడికి పన్నెండేళ్ళు. మగపిల్లాడికి ఏం బాధలుంటాయని వాడిని ఎవరూ ఏమీ అడగరు. వాడు పలక తన వైపు లాక్కున్నాడు.

"నన్ను కూడా అడగమ్మా" అన్నాడు.