గులాబిరంగు పురుగు నిద్ర
(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పత్తి రైతులనుద్దేశించిన ప్రసంగ పాఠము)



సంక్రాంతి దాటిన తరువాత కూడ మన నల్లరేగడి చేలలో కొన్నిచోట్ల పత్తికట్టె నిలిచియుండుట మీరెరుగుదురు. "ఇంకొక తడి ఇచ్చిన రెండు తీతలు వచ్చును" అని కొందరు, "పొయ్యిలోకి కట్టె కావలెను గదా" అని కొందరు అందురు. వారి మాటలో అబద్ధము లేదు. కాని ఆ కట్టెకు మిగిలిన ఎండుకాయలను కొన్నిటిని విప్పి చూడుడు. ఒక్కొక్క కాయలో రెండు గింజలు సన్నని దారముతో అతుక్కొని యుండును. వాటి నడుమ గులాబిరంగు పురుగు కదలక మెదలక పడియుండును. అది చచ్చినది కాదు, నిద్రపోవుచున్నది. ఆ నిద్ర సంగతియే నేడు మీకు చెప్పదలచితిని.

ఈ పురుగు మొగ్గలమీద, లేత కాయలమీద గ్రుడ్లు పెట్టును. నాలుగైదు దినములకు పిల్ల బయటికి వచ్చి, వెంటనే లోనికి దూరును. దూరిన రంధ్రము పూడుకొనిపోవును గనుక పైకి కాయ నవనవలాడుచునే యుండును. చల్లిన మందు లోపలి పురుగుకు తగలదు. బాగుగా తిని పెరిగిన పిమ్మట అది నేలకు రాలి, గూటిపురుగై, కొద్ది దినములలో రెక్కల పురుగగును.

ఈ మార్పును నడపునవి పురుగు శరీరములో ఊరు రెండు రసములు. ఒకటి కుబుసము విడిపించును. రెండవది బాల్యమును నిలుపును. రెండవది మెండుగా నున్నంతకాలము ఎన్ని కుబుసములు విడిచినను పురుగు పురుగుగానే యుండును. అది తగ్గినపుడే గూటిపురుగగును. కుబుసము విడిపించు రసమును 1954లో జర్మనీ శాస్త్రజ్ఞులు బ్యూటెనాంట్, కార్ల్‌సన్ వేరుచేసిరి. 500 కిలోల పట్టుపురుగు గూళ్ళలోని పురుగులనుండి వారికి లభించినది 25 మిల్లీగ్రాములు మాత్రమే!

అయితే పిల్లపురుగుకును, రెక్కల పురుగుకును జన్యువులు ఒక్కటే. ఒకే జన్యువులతో ఇన్ని రూపములెట్లు కలుగును? ఎమ్మిగనూరు మగ్గములవద్ద కండెకు చుట్టిన నూలును చూచియుందురు. కణములో జన్యుదారము కూడ అట్లే మాంసకృత్తుల కండెలకు చుట్టుకొనియుండును. బిగువుగా చుట్టినచోట జన్యువు పనిచేయదు, వదులైనచోట పనిచేయును. దారము మారదు, చుట్టు మారును. దారముపైన చిన్న రసాయనపు గుర్తులు కూడ పడుచుండును. తేనెటీగలలో ఒకే తీరు గ్రుడ్డు, తినిన మేతను బట్టి రాణియో, పనిగత్తెయో అగును. అట్టి గుర్తులు వేయు ఒక జన్యువును పిల్లదశలో అణచగా, రాణి మేత లేకయే అధికభాగము రాణి లక్షణములతో పెరిగినవని 2008లో ఆస్ట్రేలియాలో నిరూపించిరి.

కీటకముల నిద్రలోను ఇట్టి అదుపే పనిచేయుచున్నట్లు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పగలు కురుచయై, చలి తగిలి, కాయ ముదిరి గింజలో నూనె పెరిగినపుడు, మన పురుగులలో కొన్నిటికి కుబుసము విడిపించు రసము ఊరుట నిలిచిపోవును. అవి గూటిపురుగు కాకుండ గింజలలోనే నెలల తరబడి నిద్రించును. వేడిమి, తేమ, పొడుగు పగళ్ళు తిరిగి రాగానే మేల్కొనును. నిద్రపోనివి నిలువుపైరు కాయలలో సంతానము పెంచుచునే యుండును. కనుక కట్టె నిలిపినచో రెండు విధముల నష్టమే.

బీటీ పత్తి యుండగా భయమేల అనుకొనవద్దు. 2002లో మొదటి తరము, 2006లో రెండవ తరము బీటీ విత్తనము వచ్చినవి. కాని ఈ పురుగు మొదటిదానిని తట్టుకొనుచున్నట్లు 2010లో గుజరాతులో వెల్లడియైనది. తరువాత రెండవదానిని కూడ తట్టుకొన్నది. విషమును తట్టుకొనుట జన్యువులోనే కలిగిన మార్పు, దానిని మనము వెనుకకు త్రిప్పలేము. నిద్ర మాత్రము కాలమును బట్టి వచ్చునది. కాలమును మార్చలేకపోయినను, పురుగు పడకను తీసివేయుట మన చేతిలోని పని.

కనుక డిసెంబరు ఆఖరుకు పైరు ముగించుడు. ఆఖరి తీత కాగానే గొర్రెలను, మేకలను చేనిలోనికి తోలుడు, మిగిలిన కాయలను అవి తినివేయును. పిదప కట్టెను ముక్కలుచేసి దున్నివేయుడు. వంటకు కావలసినది వేసవి ముగియకముందే కాల్చుడు, గట్టుపై వామి వేసి తొలకరివరకు ఉంచకుడు. తీసిన పత్తిని ఇంటిలో నెలల తరబడి నిలువచేయకుడు. జిన్నింగు మిల్లులవద్ద గింజలు, చెత్త పేరుకొనకుండ చూడుడు.

బోరు క్రింద వేసవిలోనే ముందుగా విత్తవద్దు. మొగ్గలేని కాలమున మేల్కొనిన రెక్కల పురుగు సంతానము నిలుపుకొనలేక నశించును.

పైరు మొగ్గదశకు రాగానే లింగాకర్షక బుట్టలు పెట్టుడు. ఒక్కొక్క బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడినను, కోసి చూచిన 20 లేత కాయలలో రెండింట పురుగు కనబడినను, వ్యవసాయాధికారి సలహాతో మందు చల్లుడు. విచ్చుకొనని గుడ్డిపూలను ఏరి నాశనము చేయుడు.

ఒక్కరు కట్టె తీసి, ప్రక్కవారు నిలిపినచో ఫలితము తక్కువ. రెక్కల పురుగుకు గట్టు అడ్డము కాదు. ఊరంతయు ఒక్కమాటపై నిలిచి కట్టె తీసిననాడే ఈ పురుగుకు పడక కరవగును. మీ ఊరిలో ఈ మాట మీరే మొదలుపెట్టుడు.