పాత పుస్తకముల అంగడి

వెల తగ్గించి కొన్న వస్తువును గురించి నలుగురితో చెప్పుకొనుటలో ఒక ఆనందమున్నది. వంకాయలు బేరమాడి తెచ్చినవారు ఆ మాట ఒక పూట చెప్పుకొందురు. చీర బేరమాడి తెచ్చినవారు ఒక మాసము చెప్పుకొందురు. పాత పుస్తకముల అంగడిలో మంచి నవలను చౌకగా సంపాదించినవాడు మాత్రము జీవితాంతము చెప్పుకొనుచునే యుండును. నేను ఆ కోవకు చెందినవాడను. అందుచేత ఈనాటి ప్రసంగములో నా గొప్పలు కొన్ని చెప్పుకొందును. చివర ఒక తప్పును కూడ ఒప్పుకొనవలసి యున్నది.

మా చిత్తూరు, తిరుపతి ప్రాంతములవారికి పాత పుస్తకము అనగానే ఒకప్పుడు స్ఫురించునది మదరాసులోని మూర్ మార్కెట్టు. తిరుపతి నుండి పోయిన రైలు సెంట్రల్ స్టేషనులో ఆగెడిది. దిగి నాలుగడుగులు వేసినచో ప్రక్కనే ఆ ఎర్రని కట్టడము. పెండ్లి బట్టలకు పోయినవారు, వైద్యమునకు పోయినవారు, తిరుగు రైలునకు వ్యవధి యున్నచో అందులో దూరి, చంకలో ఒక పుస్తకముతో బయటికి వచ్చెడివారు. 1985 మే నెలలో అది అగ్నికి ఆహుతి అయినది. అప్పటికి నేను పసివాడను. మా నాయన చెప్పగా విన్నదే గాని నేను చూచినది లేదు. అయినను మా ఇంటి బీరువాలోని పుస్తకములలో సగము అక్కడివే.

నా మొదటి గొప్ప చిత్తూరులో జరిగినది. పరీక్షల గైడులకును, గడచిన సంవత్సరముల పంచాంగములకును నడుమ, అట్ట ఊడిన ‘మాలపల్లి’ ఇరువది అయిదు రూపాయలకు దొరికినది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో ఆ నవలను వ్రాసినది రాయవేలూరు జైలులో. చిత్తూరు నుండి రాయవేలూరునకు బస్సులో సుమారు ఒక గంట ప్రయాణము. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక పూర్వము ఆ రెండు ఊళ్లును ఒకే ఉత్తరార్కాటు జిల్లాలోనివి. మదరాసు ప్రభుత్వము ఆ నవలను నిషేధించినది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిదప నిషేధము తొలగినది. అంతటి పుస్తకము మన పొరుగున పుట్టి, ఇంత కాలము తిరిగి తిరిగి, ఇరువది అయిదు రూపాయలకు నా చేతికి వచ్చినదన్న సంతోషముతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తిరుపతిలో పురాణములకు కొరత లేదు. దేవస్థానమువారు భారత భాగవతములను సామాన్యునకు అందుబాటులోనుండు వెలకు ప్రచురించినారు. నవలకు అట్టి అండ లేదు. ఒక ముద్రణ చెల్లిపోయినచో, మరల ఎవరైన పూనుకొని అచ్చువేయునంతవరకు పాఠకుడు వేచియుండవలసినదే. మాస్కో నుండి స్వల్పమైన వెలకు వచ్చుచుండిన టాల్‌స్టాయి, గోర్కీల తెలుగు అనువాదములును 1991లో సోవియటు యూనియనుతోపాటు ముగిసిపోయినవి. ఇప్పుడు వానిని వెదకవలసినది ఈ అంగళ్లలోనే.

ఈ వెదకుటకు కొన్ని మెలకువలున్నవి. కోరిన పుస్తకము కనబడినప్పుడు ముఖములో సంతోషము కనబడరాదు. కనబడినచో వెల రెట్టింపగును. ముందు అక్కరలేని పుస్తకము వెల అడుగవలెను. రెండు భాగముల నవలయైనచో రెండవ భాగము ఉన్నదో లేదో చూడవలెను. చివరి పుటలు సరిచూడనిచో, కథానాయకుని గతి ఏమైనదో తెలియక ఏండ్ల తరబడి బాధపడవలసి వచ్చును. ఇది అనుభవముతో చెప్పుచున్న మాట.

ఇక నా తప్పు. రెండు సంవత్సరముల క్రిందట ఒక సాయంకాలము, తిరుపతి రైల్వేస్టేషనుకు అనతిదూరమున ఒక అంగడిలో, కట్టలపైన ‘వేయిపడగలు’ కనబడినది. విశ్వనాథ సత్యనారాయణగారు ఇరువది తొమ్మిది దినములలో ఆశువుగా చెప్పిన నవల. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పోటీలో అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’తో బహుమతిని పంచుకొన్నది. అంగడివాడు రెండు వందలు అన్నాడు. నేను పైన చెప్పిన మెలకువలన్నియు ప్రయోగించి నూటయేబదికి దింపినాను. డబ్బు ఇచ్చినాను. అతడు యేబది రూపాయలు తాను ఉంచుకొని, మిగిలిన నూరు రూపాయలను నా వెనుక నిలిచియున్న ఒక విద్యార్థికి అందించినాడు.

పుస్తకము ఆ పిల్లవానిది. నా బేరమంతయు అతడు వినుచునే యున్నాడు. నేను తగ్గించినది అంగడివాని లాభము కాదు, ఆ పిల్లవానికి రావలసిన డబ్బు. అతడు ఆ నోటును మడిచి జేబులో పెట్టుకొని, మాటాడక వెళ్లిపోయినాడు. పిలిచి ఆ యేబది రూపాయలు ఇత్తునా అనుకొన్నాను. అనుకొనునంతలో అతడు సందు మలుపు తిరిగినాడు.

అతని ముఖము నాకు తెలిసిన ముఖమే. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములో చదువుకొనుచున్న దినములలో, హాస్టలు భోజనపు బాకీ తీర్చుటకు నేను కూడ ఒక పుస్తకము అమ్మినాను. అది మా నాయన మూర్ మార్కెట్టులో కొన్న ‘వేయిపడగలు.’ ఇంటి నుండి అడుగకుండ తెచ్చుకొన్నది. ముప్పది రూపాయలిచ్చినారు. బీరువాలో ఏర్పడిన ఖాళీని మా నాయన చూచినారు. ఎన్నడును అడుగలేదు. ఆ స్థలములో మరియొక పుస్తకము కూడ పెట్టలేదు.

ఆనాడు నా పుస్తకమును చౌకగా కొన్నవారెవరో ఇంటికి పోయి ఎంత గొప్పగా చెప్పుకొన్నారో! పాత పుస్తకముల అంగడిలో ఒకరి అదృష్టము వెనుక తరచు మరియొకరి అవసరము నిలిచియుండును. ఇది తెలిసిన తరువాత బేరము మానితినని చెప్పను. అలవాటు అంత సులభముగా పోవునది కాదు. అయితే ఇప్పుడు ముందుగా ఆ పుస్తకము ఎవరిదని అడుగుదును. వెల ఆ తరువాత.

ఆ ప్రతి ఇప్పుడు మా నాయన బీరువాలో, ఆ ఖాళీ స్థలములోనే ఉన్నది. తొలి పుటలో వ్రాసిన పేరును నేను కొట్టివేయలేదు. ఆ విద్యార్థి ఎక్కడనైన ఈ ప్రసంగమును వినుచున్నచో, అతని పుస్తకము భద్రముగా ఉన్నదని తెలుపుచున్నాను. వచ్చి తీసికొనిపోవచ్చును. ఈమారు బేరము ఉండదు.