జీతం పెరగలేదు, బాకీ తీరింది
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఇద్దరు సభ్యులు కలిసి చేసిన ప్రసంగం)



మేమిద్దరం ఒకే సంఘంలో ఉన్నాం, ఒకే ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తున్నాం. ఇక్కడున్న చాలామంది పిల్లలు మా క్లాసుల్లో కూర్చున్నవాళ్లే. బడికి పోతూనే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఎడ్యుకేషన్ పూర్తి చేశామని సన్మానం చేస్తామన్నారు. శాలువాలు వద్దు, లెక్క చెప్తామన్నాం. చదివింది మీ పొదుపు డబ్బుతో కదా.

చెరి రూ.25,000 అప్పు అడిగినప్పుడు సంఘంలో రెండు సమావేశాలు తేలలేదు. "గేదెకిస్తే పాలు కనబడతాయి, కుట్టుమిషనుకిస్తే జాకెట్లు కనబడతాయి, దీనికిస్తే ఏం కనబడుద్ది?" అని ఒక పెద్దమ్మ అడిగింది. అప్పుడు మాకు కోపమొచ్చింది. ఇప్పుడు చూస్తే ఆమె అడిగింది సరైన మాటే.

అంతకుముందే మాలో ఒకరు మోసపోయారు. ఇంట్లో కూర్చుంటే ఎం.ఎడ్. సర్టిఫికెట్ వస్తుందని పట్నంలో ఒకాయన రూ.8,000 కట్టించుకున్నాడు. తర్వాత ఫోనూ లేదు, మనిషీ లేడు. అందుకని తెలుసుకోండి. ఎం.ఎడ్. అంటే కాలేజీకి పోయి చదవాల్సిన కోర్సు, దానికి బి.ఎడ్. లాంటి టీచరు శిక్షణ పట్టా ఉండాలి. ఎం.ఏ. ఎడ్యుకేషన్ వేరు. బి.ఎడ్. లేకపోయినా డిగ్రీ మీద చేరొచ్చు, కానీ అది బి.ఎడ్.కు బదులు కాదు, దాంతో డీఎస్సీ రాయలేం. ఏ దూరవిద్య కోర్సుకు అనుమతి ఉందో యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో ఉంటుంది. చూడకుండా రూపాయి కట్టకండి.

చదువు సంగతి. అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. డిసెంబర్‌లో సెలవు పెడితే మా బడిలో జీతం కోత. అసైన్‌మెంట్లు రాత్రి అంట్లు తోమాక రాసేవాళ్లం. ఇవన్నీ ఓర్చుకున్నాం గానీ, మమ్మల్ని నిజంగా ఏడిపించింది ఇంగ్లీషు. ఇద్దరం పదో తరగతి నుంచి డిగ్రీ దాకా తెలుగు మీడియం. పుస్తకాలేమో ఇంగ్లీషులో వచ్చాయి. మొదటి నెల ఒక్కో పేజీకి గంట పట్టేది. ప్రతి మాటా నిఘంటువులో చూసి అంచున తెలుగులో రాసుకునేవాళ్లం. అన్ని మాటలకూ అర్థం తెలిసినా వాక్యం అర్థమయ్యేది కాదు. ఒకరోజు మాలో ఒకరు పుస్తకం మూసేసి, "మన క్లాసులో వెనక బెంచీ పిల్లలకు రోజూ ఇదే కదా" అంది.

ఆ మాటతోనే మా చదువు మొదలైందని చెప్పాలి. మా బడి ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు, తండాల నుంచి వచ్చే పిల్లలకైతే లంబాడీ. ఏడో తరగతిలో శాతాల పాఠం చెప్తుంటే ఒక అమ్మాయి నోరు తెరిచేది కాదు. మందమతి అనుకున్నాం, తప్పు ఒప్పుకుంటున్నాం. ఒకరోజు తెలుగులో అడిగాం: "మీ అమ్మ సంఘంలో ఐదు వేలు తీసుకుంది, నూటికి రూపాయి వడ్డీ, నెలకెంత?" వేళ్లు కూడా లెక్కపెట్టకుండా "యాభై" అంది. శాతాలు ఆ పిల్లకు వాళ్లమ్మ పాస్‌బుక్ దగ్గరే వచ్చేశాయి. రానిది మా మాట.

మా పుస్తకాల్లో వైగాట్‌స్కీ అని రష్యా మానసిక శాస్త్రవేత్త ఉన్నాడు, 1934లో చనిపోయాడు. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగిన దానికీ, తెలిసినవాళ్ల చేయూతతో చేయగలిగిన దానికీ మధ్య జాగా ఉంటుందనీ, చదువు చెప్పాల్సింది అక్కడేననీ అంటాడు. మన సంఘంలో వేలిముద్ర వేసే అక్క పక్కన కూర్చుని సంతకం నేర్పామే, అదే. మేం చిన్నప్పుడే చూసినదానికి పుస్తకంలో పేరు దొరికింది.

అప్పటినుంచి కొత్త పాఠం ముందు పిల్లల్ని వాళ్ల భాషలో మాట్లాడుకోనిస్తున్నాం, తర్వాతే ఇంగ్లీషులోకి తెస్తున్నాం. దీనిమీద బడికి ఫిర్యాదులు వెళ్లాయి: ఫీజు కట్టేది ఇంగ్లీషుకని, టీచర్లు తెలుగు మాట్లాడుతున్నారని. ఫిర్యాదు చేసినవాళ్లలో కొందరు ఈ సభలోనే ఉన్నారు. నొచ్చుకోకండి, మీ భయం మాకు తెలుసు. ఒక్కసారి వచ్చి క్లాసులో వెనక కూర్చుని చూడండి. ఆ ఏడో తరగతి అమ్మాయి ఇప్పుడు బోర్డు దగ్గరికొచ్చి లెక్క చెప్తోంది, ఇంగ్లీషులోనే. తప్పులు పోతాయి, పోనివ్వండి.

ఇక పెద్దమ్మ ప్రశ్న. జీతం పెరగలేదు. పట్టా చూపిస్తే కరస్పాండెంట్ గారు సంతోషం అన్నారు, అంతే. అప్పు మాత్రం నెలకు రూ.1,000, పైన వడ్డీ, 25 నెలల్లో తీర్చేశాం, ఒక్క వాయిదా తప్పలేదు.

ఈసారి చదువు కోసం ఇంకో ఇద్దరు చెల్లెళ్లు అర్జీ పెట్టారని విన్నాం. ఇవ్వమనే మా మాట. మొత్తం ఒకేసారి కాకుండా, ఏ ఏడాది ఫీజు ఆ ఏడాది, రసీదు చూసి ఇవ్వండి. ఇంకొకటి కార్యవర్గం రాసుకోవాలి. ప్రైవేటు బళ్లలో చాలామందికి మే నెల జీతం ఉండదు. ఆ వాయిదాను జూలైకి జరపండి. మేమిద్దరం రెండు మే నెలలూ వాయిదా కట్టింది చెవికమ్మలు కుదువ పెట్టి.